గిన్నె నిండుగానే ఉంది

పిట్టల పంజరం కొనేటప్పుడు అందరం పంజరం చూస్తాం, పిట్టల రంగు చూస్తాం, బేరం ఆడతాం. గిన్నెలు ఎవరూ చూడరు. పంజరంతోబాటు రెండు ప్లాస్టిక్ కప్పులు ఎలాగూ వస్తాయి, ఒకటి గింజలకి, ఒకటి నీళ్లకి. అవి చాలనుకుంటాం. రోజూ ఇంట్లో వండి పెట్టేది మనమే కాబట్టి మనకి బాగా తెలిసిన సంగతి ఒకటుంది. ఏం వండాం అన్నది ఎంత ముఖ్యమో, దేంట్లో పెట్టాం, ఎలా పెట్టాం, తిన్నారా లేదా అన్నదీ అంతే ముఖ్యం. చింతపండు పులుసు ఏ గిన్నెలో ఉంచకూడదో ఎవరూ మనకి పాఠం చెప్పలేదు, అమ్మని చూసి నేర్చుకున్నాం. పిట్టల గిన్నెల సంగతి మాత్రం అమ్మలు చెప్పలేదు. అప్పట్లో పిట్టలు చూరు కింద ఉండేవి, పంజరాల్లో కాదు.

ఇప్పుడు మా శృంగవరపుకోటలో ఏ వీధికి వెళ్లినా రెండు మూడు వరండాల్లోనైనా కిచకిచలు వినిపిస్తున్నాయి. పరీక్షలయ్యాక పిల్లలు అడుగుతారు, విజయనగరమో విశాఖపట్నమో వెళ్లినప్పుడు తండ్రులు కొనేస్తారు. వారం రోజులు పిల్లలు చూస్తారు. ఆ తర్వాత అవి ఎవరి పిట్టలో మీకు చెప్పక్కర్లేదు కదా. అందుకే ఇది పిల్లల కోసం కాదు, మనకోసం రాస్తున్నాను.

ముందుగా, మనం లవ్ బర్డ్స్ అని కొనేవాటిలో చాలావరకు నిజానికి బడ్జీలు. ఇవి ఆస్ట్రేలియా పిట్టలు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకి తెచ్చాక అక్కడినుంచి ప్రపంచమంతా పాకాయి. అసలు లవ్ బర్డ్స్ వేరు, అవి ఆఫ్రికావి, కాస్త బొద్దుగా, పొట్టి తోకతో ఉంటాయి. ఇంకా చిన్నవి ఫించ్‌లు. బడ్జీ బరువు ముప్పై, నలభై గ్రాములు. జీబ్రా ఫించ్ అయితే పన్నెండు గ్రాములకి అటూ ఇటూ, అంటే మన మూడు చెంచాల పంచదార అంత. ఈ బరువు గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పేవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఇక రామచిలుకని మాత్రం పంజరంలో పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకల్ని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. డిగ్రీలో శుకసప్తతి గురించి చదువుకున్నాం, చిలుక రోజుకో కథ చెప్పి ఇల్లాలిని గడప దాటనివ్వలేదని. ఆ చిలుక పుస్తకంలో ఉంటేనే అందం.

ఇప్పుడు అసలు సంగతి. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను అని మీకు తెలుసు కదా. మా వీధిలో ఒక కుటుంబం ముందురోజు తొలేళ్లకే బయల్దేరి, బంధువులింట్లో నాలుగు రోజులుండి వచ్చారు. వాళ్లింట్లో జత బడ్జీలు. పక్కింటి పాపకి చెప్పి వెళ్లారు, "గిన్నెలో గింజలు అయిపోతే వెయ్యమ్మా, నీళ్లు రోజూ మార్చు" అని. ఆ పాప బుద్ధిమంతురాలు. రోజూ నీళ్లు మార్చింది. గింజలు చూసింది. గిన్నె నిండుగానే ఉంది. నాలుగో రోజు పొద్దున్న ఒక పిట్ట పంజరం అడుగున పడి ఉంది.

ఆ పాప ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. "పిన్నీ, గిన్ని నిండా గింజలున్నాయి. మరెందుకు సచ్చిపోయింది? నాను రోజూ సూసేను."

నేను వెళ్లి ఆ కప్పు తీసి కాగితం మీద వంచి ఊదాను. తెల్లటి పొట్టు లేచిపోయింది. అడుగున ఆరో ఏడో గింజలు మిగిలాయి. రెండో పిట్ట ఇంకా ఆ పొట్టులో ముక్కు పెట్టి వెతుకుతూనే ఉంది.

ఆ పాప తప్పేమీ లేదు. అయిపోతే వెయ్యమన్నారు, అయిపోయినట్టు కనిపించలేదు. ఈ పిట్టలు మనం పల్లీ వలిచినట్టు గింజని ముక్కుతో ఒలిచి, లోపలి పప్పు తిని, పొట్టు వదిలేస్తాయి. కోడిలాగా గింజ మొత్తం మింగవు. వదిలిన పొట్టు చాలావరకు మళ్లీ అదే కప్పులో పడుతుంది. కింద గింజలు తగ్గుతున్న కొద్దీ పైన పొట్టు పెరుగుతుంది. కప్పు మట్టం అలాగే ఉంటుంది. దూరంనుంచి చూస్తే పొట్టుకీ కొర్రకీ తేడా తెలీదు. పెద్ద జంతువైతే ఒకటి రెండు రోజులు ఆకలికి ఓర్చుకుంటుంది. పన్నెండు గ్రాముల ఫించ్‌కి ఒక్క రోజు తిండి లేకపోయినా ప్రాణం మీదకి వస్తుంది. బడ్జీ ఇంకాస్త ఆగుతుందేమో, ఎక్కువ ఆగదు.

బియ్యం చెరిగే చేతులు మనవి. చేటలో ఏది తాలో ఏది గింజో మనకి చప్పుడుతోనే తెలుస్తుంది. కాబట్టి గిన్నెని కంటితో చూసి వదిలెయ్యకండి. రోజూ పొద్దున్న కప్పు బయటికి తియ్యండి, చేతిలో తూచండి, ఊదండి. కళ్లలో పడకుండా ముఖం కాస్త పక్కకి తిప్పి, పెరట్లో ఊదండి. పొట్టు పోయాక మిగిలినదే తిండి. దాని మీద కొత్త గింజలు వెయ్యండి. ఒక బడ్జీ రోజుకి ఒకటిన్నర, రెండు చెంచాల గింజలు తింటుంది. పిట్టలెన్నో అన్ని రెట్లు కొలిచి వేస్తే ఏ రోజు తినలేదో కూడా మర్నాడు తెలిసిపోతుంది. పిట్టకి ఒంట్లో బాగోకపోతే అది చెప్పదు, దాచుకుంటుంది. కప్పులో గింజలు తగ్గకపోవడమే మనకి అందే మొదటి కబురు.

ఆ రోజు ఇంటికొచ్చి వంట చేస్తుంటే నాకు ఇంకో సంగతి తట్టింది. మా అత్తగారికి డెబ్భై ఎనిమిది. ఆవిడ గదిలోకే కంచం పట్టుకెళ్లి ఇస్తాను. "తిన్నారా?" అంటే "తినీసేనమ్మా" అంటారు. కంచం తీసేటప్పుడు అంచున కరివేపాకు, ములక్కాడ పిప్పి, మిరపకాయ తొడిమలు కనిపిస్తాయి, అంటే తిన్నట్టే అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం కంచం పట్టుకెళ్లి ఇచ్చి వచ్చెయ్యకుండా పక్కన కూర్చున్నాను. పన్ను నొప్పి వల్ల ఆవిడ ములక్కాడ పీల్చి, ముద్దలు రెండే తిని, మిగతా అన్నం కిటికీ దగ్గర కాకులకి పెడుతున్నారు. అడిగితే "కాకులూ మన పితరులే కదేటే" అని నవ్వేశారు. మర్నాటినుంచి అన్నం మెత్తగా వండి, పప్పు కలిపి ముద్దలు చేసి ఇస్తున్నాను, పంటి డాక్టరుకీ చూపించాం. ఇలా చెప్తే ఎక్కడి పిట్ట, ఎక్కడి అత్తగారు అంటారేమో. నాకు మాత్రం ఆ పొట్టు ఊదిన తర్వాతే ఆ గదిలో కూర్చోవాలని తోచింది. ఇంకొక మాట కూడా, మన సంగతి. అందరూ తిన్నాక చివర్న కూర్చుంటే గిన్నెలో అన్నం ఉంటుంది, కూర అడుగంటి ఉంటుంది. "నీకుందా?" అని ఎవరైనా అడిగితే "ఉంది" అంటాం. అది ఎంత ఉందో ఊది చూసేవాళ్లు ఉండరు. మనమే చూసుకోవాలి.

సరే, గిన్నెల దగ్గరికొద్దాం. ఏ లోహం, ఏ రకం అన్నది మొదటి ప్రశ్న.

పంజరంతో వచ్చే ప్లాస్టిక్ కప్పులు తేలిగ్గా ఉంటాయి, చవక. కానీ తోమిన కొద్దీ గీతలు పడతాయి, ఆ గీతల్లో పాకుడు పట్టి వదలదు. బడ్జీలు అంచులు కొరుకుతాయి కూడా. గీతలు కనిపించగానే మార్చేసే పనైతే వాడొచ్చు. పింగాణీ కప్పులు బరువుగా ఉంటాయి, తిరగబడవు, నున్నగా కడగొచ్చు. పెచ్చు ఊడితే మాత్రం పారెయ్యాలి. అన్నిటికంటే నెమ్మదైనది స్టెయిన్‌లెస్ స్టీలు. కొరికినా ఏమీ కాదు, వేడినీళ్లు పోసి కడగొచ్చు, ఏళ్ల తరబడి వస్తుంది. పంజరం తీగకి తగిలించే కొక్కెంతోనో, మర బిగించే కడియంతోనో దొరుకుతాయి. మర బిగించేవే మేలు. ఉత్త కొక్కెమైతే తెలివైన బడ్జీ ముక్కుతో ఎత్తి కింద పడేస్తుంది.

జింకు పూత పూసిన రేకు డబ్బాలు, అంటే మన పాత నీళ్ల బకెట్ల రకం, వద్దు. బూడిద రంగులో, మీద ఆకుల్లాంటి మచ్చలతో ఉంటాయి. చూస్తే గుర్తుపట్టొచ్చు. జింకు, సీసం రెండూ చిలుక జాతి పిట్టలకి విషాలు. అవి కొరకందే ఊరుకోవు కాబట్టి పూత కడుపులోకి పోతుంది. పంజరం తీగ కూడా ఆ పూతదే అయితే కొత్తలో ఒకసారి వెనిగర్ కలిపిన నీళ్లతో బ్రష్ పెట్టి తోమి, బాగా కడిగి, ఆరాకే పిట్టల్ని వదలండి. అలా చేస్తే ఊడిపోయే పొడి చాలావరకు పోతుంది.

ఇత్తడి, రాగి సంగతి. మన శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి సామానంటే నాకెంత మక్కువో. చిన్న ఇత్తడి గిన్నె పంజరంలో పెడితే ఎంత ముచ్చటగా ఉంటుందో కూడా తెలుసు. కానీ కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచం కదా, చిలుము పడుతుందని. పిట్టలకి పెట్టే పండ్ల ముక్కల్లోనూ పులుపు ఉంటుంది. నలభై గ్రాముల ఒంటికి ఆ చిలుము రవ్వంతైనా ఎక్కువే. ఇత్తడిని పూజగదిలో ఉంచుదాం.

రెండోది ఆకారం. నీళ్ల కప్పు లోతుగా ఉండకూడదు. చిన్న పిల్ల పిట్టలుంటే అందులో పడి మునిగిపోతాయి. రెండు వేళ్ల లోతు చాలు. కప్పు వెడల్పుగా ఉంటే పిట్టలు అందులోనే స్నానం చేస్తాయి. స్నానం వాటికి ఇష్టం, అవసరం కూడా. అందుకని స్నానానికి వేరే పళ్లెం పొద్దున్న కాసేపు పెట్టి తీసెయ్యండి. ఒక చిత్రం చెప్పనా, బడ్జీలు కాసిని నీళ్లు ముక్కుతో తీసుకుని తల పైకెత్తి మింగుతాయి, మన కోళ్లలాగే. జీబ్రా ఫించ్‌లు మాత్రం పావురాల్లా ముక్కు ముంచి పీల్చేస్తాయి. రెండు రకాల్నీ పక్కపక్కన చూస్తే పొద్దు తెలీదు.

గొట్టంలా నిలువుగా ఉండి కింద చిన్న తొట్టె ఉండే నీళ్ల డబ్బాలు కూడా వస్తాయి. వాటిలో రెట్టలు పడవు, ఒలకవు. కానీ కొత్త పిట్టకి అందులోంచి తాగడం తెలియకపోవచ్చు. అందుకని అది తాగుతోందని కళ్లారా చూసేదాకా మామూలు కప్పు కూడా ఉంచండి. గొట్టంలో గాలి పట్టి నీళ్లు దిగకపోవడం ఒకటుంటుంది. పైన నీళ్లు కనిపిస్తాయి, కింద తొట్టె ఎండి ఉంటుంది. ఇది కూడా ఆ పొట్టు సంగతి లాంటిదే. రోజూ వేలితో తొట్టె తాకి చూడాలి. గింజలకి పైన గూడు ఉన్న కప్పులు దొరుకుతాయి, పొట్టు ఇల్లంతా ఎగరదని మనకి హాయి. కొన్ని పిట్టలు ఆ గూట్లోకి తల పెట్టడానికి భయపడతాయి. మొదటి రెండు రోజులు తెరిచిన కప్పు కూడా పక్కన ఉంచి, అలవాటయ్యాక తియ్యొచ్చు.

మూడోది చోటు. వాలే కర్ర కింద కప్పు పెడితే గింజల్లో రెట్టలే. కర్రకి పక్కగా, పిట్ట వాలి మెడ వంచితే అందేట్టు తగిలించండి. గింజలూ నీళ్లూ పక్కపక్కన వద్దు. పొట్టు నీళ్లలో పడి కుళ్లుతుంది. జత పిట్టలుంటే గింజల కప్పులు రెండు కావాలి, అదీ ఎడంగా, రెండు మూలల్లో. రెండిట్లో ఒకటి ఎప్పుడూ పెత్తనం చేస్తుంది, రెండోదాన్ని కప్పు దగ్గరికి రానివ్వదు. మా అత్తగారు ఇది విని "మడుసులకి ఒక కంచం, పిట్టకి రెండు గిన్నెలేటే" అన్నారు. ఉమ్మడి కుటుంబంలో ఆరుగురు తోడికోడళ్ల మధ్య కాపరం చేసిన మనిషి కదా, కాసేపాగి ఆవిడే "అవున్లే, పెట్టు" అన్నారు.

నీళ్లు రోజుకి రెండుసార్లు మార్చండి. రోహిణి కార్తెలో అయితే మూడుసార్లు. మనం తాగే నీళ్లే వాటికీ పొయ్యండి. కప్పు ఊరికే నీళ్లతో తొలిచి వదిలెయ్యకండి, వేలు పెట్టి రుద్దితే జారుతున్నట్టుంటే అది పాకుడు. ప్రతి కప్పుకీ రెండో జత ఉంచుకోవడం నా సలహా. ఒక జత పంజరంలో, ఒక జత కడిగి ఎండలో. పిల్లల టిఫిన్ డబ్బాలకి చేసినట్టే. సబ్బు వాసన లేకుండా కడగాలి, తడి కప్పులో గింజలు పొయ్యకూడదు. తడి తగిలితే బూజు పడుతుంది, ఆ బూజు వాటి ఊపిరికి పడదు. ఆకుకూర, క్యారెట్ తురుము, నానబెట్టిన గింజలు పెడితే వాటికి మూడో కప్పు. పొద్దున్న పెట్టి మధ్యాహ్నం లోపల తీసెయ్యండి. పుదీనా, కొత్తిమీర, పాలకూర ఏదైనా కడిగి పెట్టొచ్చు. ఉప్పు, చాక్లెట్, అవకాడో మాత్రం ఎప్పుడూ వద్దు.

గింజల కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. పెట్ షాపుల్లో పొట్లాలు కట్టి అమ్మే మిశ్రమంలో ఎక్కువ భాగం కొర్రలు, వరిగలే. మనకి అనంతగిరి, అరకు కొండలవైపునుంచి వచ్చే కొర్రలు, సామలు, చోళ్లు ఉండనే ఉన్నాయి. పొట్టు తీయనివి అడిగి తీసుకోండి. ఒలుచుకుని తినడమే వాటికి పని, ఆట. గంటెలు కూడా తింటాయి. కొర్ర వెన్ను దొరికితే అలాగే పంజరానికి కట్టండి, దానికి కప్పే అక్కర్లేదు. సంక్రాంతికి మన పెద్దలు కొత్త వరి వెన్నులు కుచ్చులు అల్లి చూరుకి కట్టేవారు, పిచ్చుకల కోసం. పొట్టు కింద రాలిపోతుంది, గింజ పైన ఉందో లేదో వాకిట్లోంచే కనిపిస్తుంది. ఆలోచిస్తే అంతకంటే మంచి గిన్నె ఎవరూ చెయ్యలేదు.

సున్నం కోసం కటిల్ బోన్ పెట్టమంటారు. కంగారు పడకండి, అది మన ఆయుర్వేదం దుకాణాల్లో దొరికే సముద్రపు నురుగే. కప్పులో వెయ్యకుండా తీగల మధ్య గట్టిగా గుచ్చితే గీకి గీకి తింటాయి.

పంజరం వంటింట్లో మాత్రం పెట్టకండి. పోపు పొగ ఒక్కటే కాదు, నాన్‌స్టిక్ పెనం ఖాళీగా బాగా వేడెక్కితే వచ్చే పొగకి పిట్టలు నిమిషాల్లో చచ్చిపోతాయి. మనకి వాసన కూడా సరిగ్గా తెలీదు. పని చేసుకుంటూ చూసుకోవచ్చని మనలో చాలామంది వంటింటి కిటికీకే తగిలిస్తాం, అందుకని చెప్తున్నాను.

ఊరెళ్లాల్సి వస్తే పక్కింటివాళ్లకి "అయిపోతే వెయ్యండి" అని చెప్పొద్దు. రోజుకి ఒక పొట్లం చొప్పున గింజలు కట్టి, పొట్లం మీద వారం పేరు రాసి ఇవ్వండి. "పాతవి పారబోసి, ఈ పొట్లం వెయ్యండి" అని చెప్పండి. అప్పుడు చిన్నపిల్లలైనా పొరపాటు పడరు. పొట్లం మిగిలిపోతే మనకీ తెలుస్తుంది.

ఇంత చెప్పినా, రెండు జతల స్టీలు కప్పుల ఖరీదు ఒక సినిమాకి నలుగురం వెళ్లే ఖర్చు కాదు. రోజూ పట్టే సమయం కాఫీ డికాషన్ దిగేంత. మీ పిల్లలు ఈ సెలవుల్లో పిట్టలు కావాలని పేచీ పెడితే తీసుకెళ్లండి, వద్దనను. దుకాణంలో పిట్టల్ని తర్వాత చూడొచ్చు. ముందు గిన్నెలు చూపించమనండి.